ముక్కు కనబడుతుంది, బొట్టు కనబడుతలేదు

మా మేనత్తకు కుడికంటి ఆపరేషన్ అయి మూడు రోజులు. పొద్దున్నే వాకిట్లో అరుగు మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఎడమ కంట్లో మోతిబిందు, అంటే శుక్లం, అట్లాగే ఉంది. ఆ కంటితో చూస్తే ఆమెకు లోకమంతా బియ్యం కడిగిన నీళ్ల రంగే. అందుకని దాన్ని అరచేత్తో మూసుకుని, కొత్త కంటితో నా ముఖాన్ని చాలాసేపు చూసింది.

“ముక్కు మంచిగ కనబడుతుంది బిడ్డా. మూతి కనబడుతుంది. బొట్టు కనబడుతలేదు. పెట్టుకోలేదా?”

పెట్టుకున్నాను. వాకిలి అవతలి నుంచి కూడా కనిపించేంత ఎర్రటి బిళ్ల. “చూపు కొంచెం మీదికి లేపి చూడు అత్తమ్మా” అన్నాను.

“ఆఁ, ఇప్పుడు బొట్టు వచ్చింది. పాపిట పోయింది.”

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే చుక్కలు వేస్తూ ఉండండి, నెల రోజుల్లో సర్దుకుంటుంది అన్నారు. రెండు నెలలైనా సర్దుకోలేదు. చివరికి హైదరాబాద్‌లో రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కనుపాప విప్పారే చుక్కలు వేసి, లోపల స్కాన్ తీసి, మందుల చీటీ వెనక ఆయన ఒక గుండ్రం గీశారు. మధ్యలో చుక్క పెట్టి, ఇదీ చూపు నిలిచే చోటు, మాక్యులా అన్నారు. దాని కింద వేలిగోరుతో నొక్కినట్టు చిన్న మరక గీశారు. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక రెటీనా అనే కంటి వెనక తెర మీద కింద దెబ్బ తగిలితే చూపులో పైభాగం చెదురుతుంది. బొట్టు మాయమైంది అందుకే.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఆపరేషన్ ఎంతసేపు పట్టింది?” గంట దాటింది. శుక్లం బాగా ముదిరి నల్లబడిందని, తీయడం కష్టమైందని అప్పుడే చెప్పారు. మరక ఉన్న చోటు, దాని తీరు చూస్తే మైక్రోస్కోప్ లైటు వల్ల అయి ఉండాలని, నూటికి నూరు పాళ్లు మాత్రం చెప్పలేనని డాక్టరు అన్నారు.

లైటు వల్లనా? అత్తమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. దారి పొడుగునా బస్సులో ఒకటే మాట. “గరణం నాడు గూడ మీదికి చూడలే గద నేను.”

*

ఆమె చెప్పే గ్రహణం 1980 ఫిబ్రవరి 16 నాటిది. శనివారం, మాఘ అమావాస్య. ఆ సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటకలో హుబ్లీ, రాయచూర్‌ల మీదుగా వచ్చి, పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండలను కప్పి, ఒడిశాలో పూరీ వైపు సాగిపోయింది. ఉస్మానియా యూనివర్సిటీ వారి జాపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు దేశవిదేశాల నుంచి వచ్చి అక్కడ టెలిస్కోపులు బిగించుకున్నారు. మధ్యాహ్నం మూడున్నర దాటాక మన బీళ్ల మీద, బావుల మీద రెండు నిమిషాల పాటు చీకటి కమ్మింది. అత్తమ్మ అప్పుడు కడుపుతో ఉంది. తలుపు గడియ పెట్టి, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, చీకటి గదిలో పడుకోబెట్టారట. సూర్యుడి వంక చూస్తే కండ్లు పోతాయని పెద్దలు చెప్పిన మాటను ఆమె ఒక్క క్షణం కూడా జవదాటలేదు. గర్భిణి కదలకూడదనడానికి ఆధారం ఏమీ లేదు. సూర్యుణ్ని చూడకూడదన్నది మాత్రం అక్షరాలా నిజం.

సూర్యుణ్ని చూస్తే కన్ను ‘మాడిపోతుంది’ అంటాం. భూతద్దంతో కాగితం కాల్చినట్టు అనుకుంటాం. చాలా సందర్భాల్లో జరిగేది అది కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు, ఒక్క పోచంపల్లి చీర చాలు. చీర మీద కాగిన ఇస్త్రీ పెట్టె మరిచిపోతే క్షణంలో మాడుతుంది, గుర్తు అప్పటికప్పుడే కనిపిస్తుంది. అదే చీరను దండెం మీద రోజుల తరబడి ఎండలో వదిలేస్తే ఎక్కడా మాడదు, ముట్టుకుంటే వేడి కూడా ఉండదు. కానీ రంగు వెలిసిపోతుంది. ఈ రోజు గంట, రేపు గంట, అంతా కూడుతూ పోతుంది.

రెటీనాకు తగిలే దెబ్బలు కూడా ఈ రెండు రకాలే. మొదటిది వేడి దెబ్బ. కాంతి పడిన చోట ఉష్ణోగ్రత మామూలు కన్నా దాదాపు పది డిగ్రీలో అంతకు పైనో పెరిగితే, కోడిగుడ్డు సొన గట్టిపడినట్టు అక్కడి ప్రొటీన్లు గడ్డకడతాయి. రెండోది వెలుగు దెబ్బ. వేడి పెద్దగా పెరగదు. కానీ కాంతి, ముఖ్యంగా నీలి రంగు కాంతి, అతినీలలోహిత కిరణాలు, రెటీనా కణాల్లో రసాయన మార్పులు తెచ్చి వాటిని లోలోపలే పాడుచేస్తాయి. కాంతి సగానికి తగ్గినా సమయం రెట్టింపైతే నష్టం అంతే. పైగా అది వెంటనే బయటపడదు. ఒకటి రెండు రోజులు గడిచాకే రెటీనా మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. సూర్యుణ్ని చూసినప్పుడు తగిలేది ప్రధానంగా ఈ రెండోదే. కంటి ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ నుంచి వచ్చే ముప్పూ ఇదే. వేడి తెచ్చే పరారుణ కిరణాలను యంత్రంలోనే వడకట్టేస్తారు కనుక అక్కడ వేడి దెబ్బ అరుదు.

*

వేడి దెబ్బనే వైద్యంగా మార్చిన మనిషి ఒకరున్నారు. 1945 జులైలో జర్మనీలో పాక్షిక గ్రహణం వచ్చింది. దాన్ని సూటిగా చూసి రెటీనా కాల్చుకున్నవారి కళ్లు పరీక్షిస్తూ గెర్డ్ మేయర్ ష్వికెరత్ అనే యువ నేత్రవైద్యుడికి ఒక ఆలోచన తట్టింది. కాలిన చోట రెటీనా గట్టిగా అతుక్కుని మచ్చ కడుతోంది కదా, అలాంటప్పుడు చిరిగిన రెటీనాను మనమే కాంతితో అతికించవచ్చు కదా! హాంబర్గ్‌లో ఆయన నిజంగానే సూర్యకాంతిని అద్దాలతో పట్టి రోగి కంట్లోకి పంపారు. 1950ల్లో జైస్ కంపెనీ ఆ పనికి జినాన్ దీపంతో యంత్రం తయారుచేసింది. 1960లో లేజర్ పుట్టాక సూర్యుడి అవసరమే లేకపోయింది.

మన దగ్గర చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ‘కండ్లకు లేజర్ కొట్టించుకున్న’ అంటారే, అదే ఇది. చూపు నిలిచే నడిమి భాగాన్ని వదిలి, చుట్టూ వెయ్యికి పైగా చిన్న చిన్న కాల్పులు కావాలనే పెడతారు. తీవ్రంగా చూపు పోయే ప్రమాదం దీనివల్ల సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 1976లోనే తేల్చింది. ఎక్కడ, ఎంతసేపు, ఎంత బలంగా అన్నది చేతిలో ఉన్నంతవరకూ వేడి కూడా మందే.

*

మళ్లీ అత్తమ్మ కంటికి వస్తాను.

మా తాతల కాలంలో కంటి క్యాంపు అంటే బడి గదుల్లో బల్లలు కలిపి, టార్చిలైటు వెలుతురులో, డాక్టరు కళ్లకు తగిలించుకున్న చిన్న భూతద్దాలతో చేసే ఆపరేషన్. సరోజినీ దేవి కంటి ఆసుపత్రి పేరు చెప్పగానే గుర్తొచ్చే డాక్టర్ పి. శివారెడ్డి (1977లో పద్మభూషణ్ అందుకున్నారు) ఉమ్మడి రాష్ట్రంలో ఊరూరా నేత్ర శిబిరాలు నడిపి ఎన్ని వేల మందికి చూపిచ్చారో ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో కంటి కటకాన్ని మొత్తంగా తీసేసేవారు. దాని బదులు సోడాబుడ్డి అద్దాలు. చూపు అరకొరే. కానీ గుడ్డి టార్చి వెలుతురుకు రెటీనాను గాయపరిచే శక్తి లేదు.

తర్వాత మైక్రోస్కోప్ వచ్చింది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి అమర్చిన కృత్రిమ కటకం నలభై ఏళ్లకు మన ఊళ్లకూ చేరింది. చూపు అద్భుతంగా వస్తోంది. దానితోపాటే కొత్త చిక్కూ వచ్చింది. కన్ను తనను తాను కాపాడుకునే తీరులను ఆపరేషన్ ఒక్కొక్కటిగా తీసేస్తుంది. మామూలుగా ఎక్కువ వెలుగు పడితే రెప్ప వాలుతుంది, ఇక్కడ క్లిప్పుతో రెప్పలు విప్పి ఉంచుతారు. కనుపాప చిన్నదవుతుంది, ఇక్కడ మందుతో విప్పుతారు. చూపు పక్కకు తిప్పుకుంటాం, ఇక్కడ సూదిమందుతో కన్ను కదలదు. వయసుతో పసుపెక్కిన కటకం నీలి కాంతిని, అతినీలలోహిత కిరణాలను వడకట్టేది, అదే ఇప్పుడు లేదు. దాని చోట స్వచ్ఛమైన కొత్త కటకం పెట్టగానే అది తన పని తాను చేస్తుంది. అంటే ఎదురుగా ఉన్న వస్తువు బొమ్మను రెటీనా మీద స్పష్టంగా పడేస్తుంది. ఆ క్షణంలో ఎదురుగా ఉన్న వస్తువు మైక్రోస్కోప్ దీపమే.

అత్తమ్మకు ఆ క్షణం గుర్తుంది. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ, దానికి ఒక కంత. మొదట్లో నీళ్లలో దీపాలు ఊగినట్టు గులాబీ రంగు, నీలి రంగు కదిలాయట. “ఆఖర్ల ఒక్కసారి తెల్లగ గుంజినట్టయింది. దీపం నిలవడ్డది.” చాలామంది రోగులు ఇట్లాంటి రంగులే చెబుతారు. అందరికీ దెబ్బ తగిలిందని దానర్థం కాదు. చాలామందికి ఏమీ కాదు.

1983లో మెక్‌డోనాల్డ్, ఇర్విన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు, శుక్లం తీసి కటకం పెట్టిన రోగుల్లో మైక్రోస్కోప్ కాంతి వల్ల మాక్యులా దగ్గర మచ్చలు పడిన వైనాన్ని మొదటగా వివరంగా రాశారు. మచ్చలు ఎక్కువగా చూపు కేంద్రానికి కిందనే ఉండేవి. కారణం సులువే. ఆపరేషన్‌లో కంటిని దారంతో కాస్త కిందికి తిప్పి పడతారు, పైనుంచి నిటారుగా పడే వెలుగు కేంద్రం తప్పి దిగువన పడుతుంది. నాలుగేళ్ల తర్వాత మరో బృందం 135 మందిని పరీక్షిస్తే నూటికి ఏడుగురికి పైగా ఈ గుర్తు కనిపించింది. ఆపరేషన్ ఎంత సాగితే ముప్పు అంత. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు, బీపీకి మూత్రం ఎక్కువ చేసే కొన్ని మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం కాస్త ఎక్కువని వైద్య గ్రంథాలు చెబుతాయి. 1995 అక్టోబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది: పనికి సరిపోయే కనీస కాంతే వాడండి, కుదిరినప్పుడల్లా కంటికి మరుగు పెట్టండి.

కాంతి తగ్గించుకుంటే పోయేదానికి ఇంత కథ ఎందుకని అడగవచ్చు. నేనూ అడిగాను. సర్జన్‌కు కావలసింది వట్టి వెలుతురు కాదు. కంటి వెనక తెర నుంచి తిరిగొచ్చే ఎర్రటి మెరుపు. ఆ ఎరుపు మీదే శుక్లం తునకలు, కటకం సంచి అంచులు, సన్నటి చిరుగులు తేటగా కనిపిస్తాయి. ఆ మెరుపు రావాలంటే కాంతి నేరుగా రెటీనాకు తగలాల్సిందే. ఆ దీపాన్నే పక్కన పెట్టేస్తే సంచి చిరిగి అంతకన్నా పెద్ద నష్టం జరగవచ్చు. కాబట్టి మంచి సర్జన్ కాంతిని మానేయడు, లెక్కగా వాడతాడు. చూడాల్సినప్పుడు పెంచి, కుట్టు వేసేటప్పుడు, కొత్త కటకం ప్యాకెట్ విప్పేటప్పుడు, నర్సు వైపు చెయ్యి చాపినప్పుడు తగ్గిస్తాడు. ఆ కాస్త విరామంలో కంటి మీద చిన్న గుండ్రటి మరుగు పెడతాడు. మైక్రోస్కోప్‌ను కొంచెం వంచుతాడు. అతినీలలోహిత వడపోత ఉందో లేదో ముందే చూసుకుంటాడు. ఒక్క దూది బిళ్లంత మరుగు! ఖర్చు ఏమీ లేదు.

రెటీనాకే ఆపరేషన్ అయితే సంగతి ఇంకా సున్నితం. 1970లో మయామీలో రాబర్ట్ మాకమర్ మొదలుపెట్టిన విట్రెక్టమీలో సన్నటి దీపపు గొట్టాన్ని కంటి లోపలికే పంపుతారు. దీపానికీ తెరకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో. ఆపరేషన్ గంటల్లో. పొరలు కనిపించడానికి వాడే ఆకుపచ్చ రంగు మందు ఒకటి కాంతి దెబ్బను ఇంకా పెంచుతుంది. అందుకే ఆ సర్జన్లు గొట్టాన్ని వీలైనంత దూరంగా పట్టుకోవడం, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండటం అలవాటు చేసుకుంటారు. ఈ మధ్య కళ్లజోడు పెట్టుకుని పెద్ద తెర మీద త్రీడీలో చూస్తూ చేసే పద్ధతి వచ్చింది. కెమెరా తక్కువ వెలుతురులోనూ చూడగలదు కనుక కంట్లో దీపాన్ని బాగా తగ్గించవచ్చు.

*

ఇదంతా చదివి ఆపరేషన్‌కు భయపడితే నేను ఈ కథనం రాసిన పాపం నాకే తగులుతుంది. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో లైటు దెబ్బతో పోయిన చూపు కన్నా, ఆపరేషన్ చేయించుకోక పోయిన చూపు ఎన్నో రెట్లు ఎక్కువ. 1996 నుంచి 2000 వరకు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి నడిపిన ఆంధ్రప్రదేశ్ నేత్ర సర్వేకు ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. మొత్తం 10,293 మందిని పరీక్షిస్తే నూటికి 1.84 మంది అంధులని, అందులో నలభై నాలుగు శాతానికి కారణం శుక్లాలేనని తేలింది. అప్పటి నుంచి చాలా మారింది. నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో అదే సంస్థ ఆసుపత్రి పనిచేస్తోంది. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ ‘కంటి వెలుగు’ కార్యక్రమం మొదటి విడతలోనే రాష్ట్రంలో కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించుకున్నారు. క్యాంపుల్లో వాడే చిన్న కోత పద్ధతిలో చెయ్యి తిరిగిన డాక్టరు పది నిమిషాల్లో ఒక కన్ను పూర్తి చేస్తాడు. ‘అంత తొందరగా చేస్తే ఎట్ల?’ అని మనవాళ్లు అనుమానపడతారు. రెటీనా వైపు నుంచి చూస్తే ఆ వేగం మేలే చేస్తుంది.

సమయం పెరిగేది ఎక్కడంటే మనం ఆలస్యం చేసిన చోట. పాలమూరు కూలి ముంబై, పుణె పనుల నుంచి పండక్కి వచ్చినప్పుడే డాక్టరు దగ్గరికి పోతాడు. పత్తి ఏరడం అయిపోనీ, నాట్లు కానీ, మనవరాలి పెండ్లి కానీ అంటూ మా అత్తమ్మ మూడేళ్లు దాటించింది. ఈలోగా శుక్లం తేనె రంగు నుంచి గోధుమకు, గోధుమ నుంచి నలుపుకు తిరిగి గట్టిపడింది. గట్టిపడిన శుక్లం తీయడానికి ఎక్కువ సమయం, ఎక్కువ వెలుతురు కావాలి. ఇంకో సంగతి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అవి రావడం మన అదృష్టం. నేర్చుకునే చేతికి సమయం పట్టక తప్పదు, ప్రతి సర్జన్ ఒకప్పుడు అట్లా నేర్చుకున్నవారే. అందుకే నేర్పే చోట మరుగు పెట్టడం, లైటు తగ్గించడం మొదటి రోజు పాఠం కావాలని నా కోరిక.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆపరేషన్ తర్వాతి సంగతి. ఎదురుగా చార్టు మీద అక్షరాలు చదివితే ‘చూపు మంచిగ వచ్చింది’ అని రాసేస్తారు. అత్తమ్మ కూడా అక్షరాల వరసలు బాగానే చదివేది. చూపు నడిమికి పక్కన పడ్డ చిన్న మచ్చను ఆ చార్టు పట్టుకోదు. ఆమె బొట్టు గురించి చెప్పింది. ఎవరూ కనుపాప విప్పి లోపలికి చూడలేదు. ఇట్లాంటి మాట చెప్పిన ముసలివాళ్లు ఎందరో, మా రాత ఇంతే అని ఊరుకున్నవాళ్లు ఎందరో. ఈ మచ్చకు మందు లేని మాట నిజమే. చాలామందిలో నెలల్లో తగ్గుముఖం పడుతుంది, కొందరిలో మిగిలిపోతుంది. అయినా చూడాల్సిందే. అదే లక్షణంతో రెటీనా ఊడటం, నీరు చేరడం లాంటివి వస్తే వాటికి వైద్యం ఉంది, గడువూ ఉంది. రెండో కంటికి ముందే జాగ్రత్త పడటానికీ అది పనికొస్తుంది.

ఆపరేషన్‌కు పోయే ముందు వాడే మాత్రలన్నీ, బీపీవి, చక్కెరవి, కీళ్లనొప్పులవి, సంచిలో వేసుకుని తీసుకుపోయి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ‘లైటు నుంచి కంటిని కాపాడతారు కదా సార్’ అని అడగడంలో తప్పు లేదు, మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. వారం తర్వాత గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఒక తారీఖు డబ్బా మీద చూపు నిలపండి. చుట్టుపక్కల డబ్బాల్లో ఏదైనా మాయమైతే, గీతలు వంకర తిరిగితే, అదే రోజు డాక్టరుకు చెప్పండి. పొలం పని ఉందని ఆగవద్దు.

అత్తమ్మ ఎడమ కంటికి ఈసారి ఆలస్యం చేయలేదు. బల్ల మీద పడుకునే ముందు డాక్టరును తానే అడిగిందట, “నడుమ నడుమ చీకటి చేస్తరా సారూ?” అని. చేశారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ కంటితో ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది. రోజూ పొద్దున చాయ్ తాగాక ఆ మంచి కన్ను మూసుకుని, కుడికంటితో క్యాలెండర్ ముందు నిలబడుతుంది. మొదట్లో నాలుగు డబ్బాలు పోయేవి. నిన్న ఫోన్ చేసింది.

“అమాస డబ్బ కనబడుతుంది బిడ్డా. దాని మీది డబ్బ ఇంక మసకనే ఉంది.”